దాటింది వాగు

కథ చెప్పమంటే చెప్తాను. కాకపోతే నడమ నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. కోపం తెచ్చుకోకుండా ఈ కథ చెప్పడం నావల్ల కాదు. వినేవాళ్ళకు రాకపోతే అది వాళ్ళ ఖర్మ.

వంకరవాగు అని ఒక వాగు. ఇవతల పచ్చలకోన, అవతల ఎర్రమిట్టలు. కోనలో నీళ్ళు, నీడ, అడవి గెణుసు దుంపలు. మిట్టల్లో రాళ్ళు, తుమ్మముళ్ళు, మాడు పగిలే ఎండ. వాగు తిన్నగా పోయేది కాదు. కోన అంచుకు వచ్చేసరికి కొడవలిలా వంగి, ఎత్తైన దిబ్బ ఒకదాన్ని అవతలగా చుట్టి, మళ్ళీ తన దారిన పోయేది. ఆ దిబ్బ మీద నక్క గవరయ్య కాపురం. దిబ్బకు మూడు పక్కలా వాగు, నాలుగో పక్క కోన. వాగు వంపు తిరిగే చోట ఒక మట్టిగట్టు ఉండేది. ఆ గట్టే లేకపోతే నీళ్ళు వంగకుండా దిబ్బకూ కోనకూ మధ్యలోంచి తిన్నగా దూసుకుపోయేవి. ఈ గట్టును గుర్తుపెట్టుకోండి.

గవరయ్య కోనకు ఎల్లపెద్ద. ఎవరు చేశారంటే ఎవరూ చేయలేదు. "ఎల్ల కాసేవాడు ఒకడుండాలి కదా" అని వాడే అన్నాడు, "ఉండాలి కదా" అని మిగతావాళ్ళు ఆవులించారు, అయిపోయింది. వాడికి తోడు కొంగ జపాలయ్య పంతులు. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూస్తే మహా భక్తుడు, కళ్ళు తెరిస్తే చేపలకు చావు. కోన చట్టాలన్నీ ఈయన నోట్లోనే ఉండేవి.

ఒక కరువు ఏట ముళ్ళపంది బంగారక్క మగణ్ణి వెంటబెట్టుకుని వాగు దాటి వచ్చింది. మిట్టల్లో ఎంత లోతు తవ్వినా వేరు ముక్క దొరకని రోజులవి. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళ మొహం ఎట్లా ఉంటుందో గవరయ్యకు బాగా తెలుసు. చూడగానే మీసం దువ్వాడు.

"ఎవరే మీరు?"

"బతకడానికి వచ్చాం దొరా. తవ్వడం వచ్చు."

"తవ్వడం వచ్చా?" నక్క చెవులు నిక్కాయి. "మంచిది, మంచిది. పంతులూ, చట్టం చెప్పు."

జపాలయ్య ఒక కన్ను తెరిచాడు. "వాగు అవతల కాపురమున్నవాళ్ళు పరాయివాళ్ళు. పరాయివాళ్ళు ఇవతలికొచ్చి, ఏడు వానాకాలాలు మళ్ళీ వాగు దాటకుండా ఉంటే కోనవాళ్ళవుతారు. అందాకా పల్లంలో ఉండాలి, తవ్విన దుంపలో సగం ఎల్లపెద్దకివ్వాలి. ఒక్కో వానాకాలం వెళ్ళాక గట్టు మీద ఒక్కో గుర్తు పాతాలి. నడమ ఒక్కసారి దాటినా గుర్తులు పీకేస్తాం, లెక్క మొదటికి. మొదటి ఏడాది మటుకు గట్టు మీద చెయ్యి పెట్టకూడదు. కొత్తవాళ్ళు, గండి కొడతారో ఏమో ఎవరు చూశారు?"

"గుర్తంటే ఏం పాతాలయ్యా?"

"నీ ఒంటిది ఏదైనా. పిట్టలు ఈక పాతుతాయి. నీకేం, ఒళ్ళంతా ముళ్ళేగా!"

గవరయ్య పకపకా నవ్వాడు. ఒంటి ముల్లు పీకితే ప్రాణం జివ్వుమంటుందని ముళ్ళున్నదానికి తెలుస్తుంది, నవ్వేవాడికేం తెలుస్తుంది?

బంగారక్క సరే అంది. ఆకలి మీదున్నవాళ్ళు దేనికైనా సరే అంటారు.

నిజం కూడా చెప్పుకోవాలి. కోన ఆమెకు కడుపునిండా తిండి పెట్టింది. మొదటిసారి అడవి గెణుసు కొరికినప్పుడు ఆ తీపికి బంగారక్కకు ఏడుపొచ్చింది. కోన మాట నేర్చుకుంది, కోన వానకు ఒళ్ళు అలవాటు చేసుకుంది. పల్లంలో తాటిచెట్టు మొదట్లో బొరియ తవ్వుకుంది. నేల చెమ్మ, గోడలు చెమ్మ, పడుకుంటే వీపు చెమ్మ. అయినా తనది కదా అనుకుంది. నాలుగో ఏడు అక్కడే ఆడపిల్లను కంది, చిట్టిముల్లు అని పేరు పెట్టుకుంది. ఆ ఏడే మగణ్ణి పాము కరిచింది. అతణ్ణి ఆ మట్టిలోనే పూడ్చుకుంది. ఒక నేలతో చుట్టరికం కలవడానికి ఇంతకంటే ఏం కావాలో మీరే చెప్పండి.

చాకిరీ అంటారా, దానికి అంతులేదు. గవరయ్య దిబ్బ మీద ఎండకు చల్లగా, చలికి వెచ్చగా, ముందొక దారి, వెనకొక దారి పెట్టి పెద్ద బొరియ తవ్విపెట్టింది ఆమే. రెండో ఏటి నుంచి గట్టు పని కూడా నెత్తిన పడింది. గట్టుకు పగ ఎవరంటే వాగు కాదు, ఎండ్రకాయలు. ఎండాకాలమంతా గట్టులో బొక్కలు పెడతాయి. వరద వస్తే నీళ్ళు ఆ బొక్కల్లో దూరి గట్టును లోపలి నుంచి తినేస్తాయి. అందుకని బంగారక్క ఏటా తొలకరికి ముందే బొక్క బొక్కా వెతికి, బంకమట్టి నమిలి నమిలి కూరి పూడ్చేది. మిగతావాళ్ళు నీడన పడుకుని "భలే పనిమంతురాలు" అనేవాళ్ళు. మెచ్చుకోవడానికి దుంపలు ఖర్చు కావు కదా.

కోనలో దున్నపోతు అప్పన్న అని ఒకడుండేవాడు. చెడ్డవాడు కాదు. అదే వాడితో వచ్చిన చిక్కు. ఎప్పుడు కనపడినా "నువ్వు మనదానివే చెల్లీ, ఎవడు కాదంటాడు?" అనేవాడు. గవరయ్య కాదనేవాడు. అప్పుడు అప్పన్న నెమరు వేసుకునేవాడు.

ఐదో ఏడు ఎండాకాలంలో బంగారక్క చెల్లెలు నీలమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకొచ్చింది. నడమ వాగు మోకాలి లోతు కూడా లేదు.

"అక్కా! ఒక్కసారి దాటి రావే! నా పిల్లల్ని ముక్కుతో తాకి పోవే!"

"లెక్క పోతుందే చెల్లీ! నువ్వే ఇటు రారాదూ?"

"వస్తే మీ నక్క ఈ పసివాళ్ళ చేత కూడా ముళ్ళు పాతిస్తాడు. నేను రాను. ఏం లెక్కే అది? తోడబుట్టినదాని కంటే ఎక్కువా?"

బంగారక్క కాలు నీళ్ళ దాకా పోయింది. ఎదురుగా గట్టు మీద జపాలయ్య ఒంటికాలి మీద నిలబడి, ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు. కాలు వెనక్కి తీసుకుంది.

"సరేలే," అంది నీలమ్మ, పిల్లల్ని వెనక్కి తిప్పుతూ. "నువ్వు కోనదానివైపోయావు. మేమెవరం?"

ఇక్కడేమో "మిట్టల దానివి" అంటారు, అక్కడేమో "కోనదానివి" అంటారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకంటే ఇదే. ఆ రోజు బంగారక్క పల్లంలోకి పోయి, దుంప ముట్టుకోకుండా పడుకుంది. ఇన్నేళ్ళు ఓర్చుకున్నాను, ఇంకెంత, బిడ్డ కోసం అని తనకు తానే చెప్పుకుంది.

బిడ్డ సంగతి ఏమిటంటే, దానికీ ఒక చట్టముంది. ముళ్ళపంది పిల్లకు పుట్టినప్పుడు ముళ్ళు మెత్తగా ఉంటాయి. ఎదిగేకొద్దీ గట్టిపడతాయి. ఈడుకొచ్చిన రోజున తోక ఆడిస్తే తోకముళ్ళు గలగలా మోగుతాయి. తోక మోగేనాటికి తల్లి లెక్క పూర్తి కాకపోతే, పిల్ల ఒంటరిగా వాగు దాటి వెళ్ళిపోవాలి. పుట్టింది ఇక్కడే కదా అంటే, "పుట్టిన చోటు కాదు, తల్లి లెక్క చూస్తాం" అంటాడు గవరయ్య. చిట్టిముల్లు ఎర్రమిట్టల్ని కళ్ళతో చూడలేదు. అక్కడి మాట రాదు. ఎండ తగిలితే తల తిరుగుతుంది. దాన్ని అక్కడికి తోలడమంటే చంపడమే. బంగారక్క రోజూ పొద్దున లేవగానే చేసే మొదటి పని బిడ్డ తోక దగ్గర చెవి పెట్టి వినడం.

ఆరు ముళ్ళు పాతింది. ఏడో వానాకాలం వచ్చింది. అది వాన కాదు, ఆకాశానికే గండి పడ్డట్టు కురిసింది. అవతలి ఒడ్డున పెద్ద మద్దిచెట్టు ఒకటి వాగులోకి ఒరిగి, వచ్చే నీళ్ళన్నిటినీ ఇవతలి గట్టు మీదకు తోయడం మొదలుపెట్టింది. గట్టు అదురుతోంది.

జన్మలో పల్లం తొక్కని గవరయ్య ఆ రోజు బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. వెనక జపాలయ్య, అప్పన్న.

"బంగారక్కా! అక్కా! నువ్వే దిక్కు! ఆ చెట్టు వేరు కొరికి తెంపితే వాగులో కొట్టుకుపోతుంది, గట్టు నిలుస్తుంది. అంతటి పళ్ళు కోనలో నీకొక్కదానికే ఉన్నాయి!"

అక్క అట! ఇన్నేళ్ళూ "ఏమే"నే కదా.

"దొరా, అవతలికి దాటితే నా లెక్కో?"

"ఓసి పిచ్చిదానా! ఎల్లపెద్దని నేనే పంపిస్తుంటే లెక్క ఎట్లా పోతుంది? ఇదుగో, పంతులు విన్నాడు. అప్పన్న విన్నాడు. నా మాట మీద నమ్మకం లేదా?"

"పద చెల్లీ, నేను దాటిస్తాను," అన్నాడు అప్పన్న.

బంగారక్క దున్నపోతు వీపెక్కి వరదకు అడ్డంపడి దాటింది. అవతలి ఒడ్డున మెడ లోతు నీళ్ళలో నిలబడి పొద్దుగూకేదాకా ఆ వేరు కొరికింది. ముందుపళ్ళలో ఒకటి విరిగింది. చెట్టు కొట్టుకుపోయింది, గట్టు నిలిచింది, కోన నిలిచింది. అక్కడ నిలబడ్డంతసేపూ చెల్లెలుండే మిట్ట కనపడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే వస్తుంది. వేయలేదు. పని కోసం వచ్చాను, పని చూసుకుని పోతాను అనుకుంది. అంత నిక్కచ్చి మనిషి, మనిషి అంటున్నాను, ముళ్ళపంది.

వానాకాలం వెళ్ళింది. కోనంతా గట్టు దగ్గర చేరింది. బంగారక్క ఏడో ముల్లు వీపు మీద నుంచి పీకింది. నెత్తురు చుక్క ఒకటి రాలింది. చిట్టిముల్లు పక్కనే నిలబడి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. ముల్లు నేలకు ఆనించబోతుండగా గవరయ్య దగ్గాడు.

"ఆగవే. ఈ వానాకాలంలో నువ్వు వాగు దాటావా?"

బంగారక్కకు మొదట అర్థం కాలేదు. "మీరు పంపిస్తేనే కదా దొరా దాటింది?"

"నేనా?" గవరయ్య చుట్టూ చూశాడు. "ఎందుకు దాటావు, ఎవరు దాటించారు అని చట్టం అడగదు. దాటావా, లేదా? అంతే."

"పంతులుగారూ! మీరు విన్నారు కదా!"

జపాలయ్య గబుక్కున రెండు కళ్ళూ మూసేశాడు. "నేను జపంలో ఉన్నానమ్మా."

"అప్పన్నా! నీ వీపు మీదే కదయ్యా దాటాను! నువ్వన్నా చెప్పు!"

దున్నపోతు నేల చూశాడు. నెమరు ఆపాడు. గవరయ్య వాడి వైపు ఒక్క చూపు చూశాడు. మళ్ళీ నెమరు మొదలైంది. "నాకు... సరిగ్గా గుర్తులేదు చెల్లీ. ఆ రోజు వాన కదా."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. గవరయ్య వెధవ ఆ ఆరు ముళ్ళనూ ఒక్కొక్కటే పీకి వాగులోకి విసిరాడు. ఎందుకంటారా? ఆమె కోనదైపోతే సగం దుంప ఎవరిస్తారు? దిబ్బ మీద బొరియకు మట్టి ఎవరు పూస్తారు? ఎవరి వల్ల తమ ఇల్లు నిలిచిందో వాళ్ళను ఇంటివాళ్ళను చేస్తే ఇక వెట్టి ఎవరు చేస్తారు? లోకంలో చాలా చట్టాల లోపల ఇంత మాత్రం సరుకే ఉంటుంది.

బంగారక్క ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఒక్క ఉదుటున వెనక్కి దూకితే నక్క పొట్ట తూట్లు పడేది. చిట్టిముల్లు "అమ్మా" అంది. ముళ్ళు మెల్లగా వాలాయి.

"అయితే నా లెక్క మొదటికొచ్చినట్టేనా?"

"మొదటికే."

"అంటే ఇది నాకు మొదటి ఏడాది."

"అవునే, ఎన్నిసార్లు చెప్పాలి?"

"పంతులుగారూ, మొదటి ఏడాదివాళ్ళకు చట్టం ఏమిటో ఒక్కసారి అందరికీ వినపడేట్టు చెప్పండి."

అడిగితే అప్పజెప్పే అలవాటు కదా, కొంగ కళ్ళు మూసుకునే రాగం తీశాడు. "పల్లంలో ఉండాలి, సగం దుంప ఇవ్వాలి, గట్టు మీద చెయ్యి పెట్టకూడదు..."

"సరే," అంది బంగారక్క. ఏడో ముల్లు నోట కరుచుకుని బిడ్డను తీసుకుని వెళ్ళిపోయింది. గవరయ్య గెలిచిన సంబరంలో ఉన్నాడు. తాను ఏం కోల్పోయాడో ఆ నక్క బుర్రకు తట్టలేదు.

ఆ చలికాలమే చిట్టిముల్లు తోక మోగింది. పల్లంలో, తల్లి చెవిలో మెల్లగా గలగల. ఏ తల్లికైనా పండగ చేసుకునే చప్పుడు. బంగారక్క మటుకు గబగబా బంకమట్టి నమిలి బిడ్డ తోకముళ్ళ సందుల్లో కూరింది. ఎండ్రకాయల బొక్కలు పూడ్చిన పనితనమంతా బిడ్డ తోక మీద చూపించాల్సి వచ్చింది.

"బరువుగా ఉందమ్మా. దురద పెడుతోంది."

"ఓర్చుకో తల్లీ."

"నా తోక మోగితే తప్పా? నేనేం చేశాను?"

"ఏమీ చేయలేదు."

"మరి నేను ఎక్కడిదాన్నే అమ్మా?"

బంగారక్క మట్టి నములుతూనే ఉంది. కళ్ళనీళ్ళు ఆ మట్టిలోనే కలిశాయి.

ఎండాకాలమంతా రోజూ మట్టి తీయడం, కొత్త మట్టి కూరడం. అటు గట్టులో ఎండ్రకాయలు హాయిగా సంసారాలు పెట్టుకున్నాయి. బంగారక్క చూస్తూనే ఉంది. ఊరుకోవడానికి మనసొప్పక తొలకరికి ముందు అప్పన్న దగ్గరకు పోయి చెప్పింది.

"గట్టు నిండా బొక్కలున్నాయి. నేను ముట్టుకోకూడదు. మీరైనా చూసుకోండి."

"చూద్దాంలే చెల్లీ," అన్నాడు అప్పన్న. దున్నపోతు మీద వాన పడ్డట్టే.

గవరయ్యకూ చెప్పింది. వాడు బొరియ గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని, "మొదటి ఏడాదిదానివి, గట్టు సంగతి నీకెందుకే? నువ్వెవరు మాకు చెప్పడానికి?" అన్నాడు.

"నేనెవరినీ కాను దొరా. అదే చెప్పి పోదామని వచ్చాను."

వాన మొదలైంది. ఆగని వాన. ఒకనాటి పొద్దున గవరయ్య సగం దుంప కోసం జపాలయ్యను వెంటబెట్టుకుని పల్లానికి దిగాడు. అప్పన్న కూడా గడ్డి కోసం అక్కడే ఉన్నాడు. చిట్టిముల్లు నక్కను చూసి బెదిరి బొరియలోకి పరుగెత్తబోయింది. వానకు తోక మట్టి కరిగి కారిపోయి ఉంది. గలగల, గలగల, గలగల. అంత వానలోనూ అందరికీ వినపడింది.

గవరయ్య మొహం వెలిగిపోయింది. "మోగింది! పంతులూ, మోగింది! ఎన్నాళ్ళ నుంచి దాచావే దొంగమొహమా? పంపించెయ్ దాన్ని. ఇప్పుడే."

"దొరా, వాగు పొంగుతోంది. పసిది. నీళ్ళు తీశాక..." బంగారక్క వాడి కాళ్ళ ముందు తల వంచింది. ఆ తల వంచడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"రేపు పొద్దున్నకి ఇది వాగు అవతలుండాలి. లేకపోతే నేనే తోయిస్తాను." గవరయ్య దుంపలు మూట కట్టించుకుని దిబ్బ మీదికి పోయాడు. కడుపునిండా తిని, బంగారక్క తవ్విన బొరియలో, వాన చుక్క పడని చోట, మధ్యాహ్నం నిద్ర తీశాడు.

వాడు గుర్రుపెడుతుండగానే గట్టు తెగింది. లోపల ఇంకేం ఉంది, అంతా బొక్కలేగా. గట్టు కూలడం చూసినవాళ్ళు చెప్పారు, చప్పుడు కూడా పెద్దగా రాలేదట, ఎండిన అరిసె విరిగినట్టు విరిగిందట. వాగు వంకర మానేసింది. దిబ్బకూ కోనకూ మధ్యలోంచి తిన్నగా, సూటిగా, తన దారి తాను చేసుకుని పోయింది. అవతలగా చుట్టి వచ్చే పాత వంపులో నీళ్ళు నిలిచిపోయి, నాలుగు ఎండలు కాసేసరికి ఇసుక తేలింది.

గవరయ్య లేచి చూస్తే తన దిబ్బ వాగుకు అవతల ఉంది, ఎర్రమిట్టల్లో కలిసిపోయి.

నీళ్ళు తగ్గేదాకా దిబ్బ మీద వాడికి తిండి లేదు. ఒకనాడు ఎండిన ఇసుక మీదుగా నీలమ్మ పిల్లలతో నడుచుకుంటూ వచ్చి అడిగింది. "ఎవరు బాబూ నువ్వు? మా వైపు ఎప్పుడొచ్చావు?"

అంత మాట పడ్డాక గవరయ్య ఆగలేకపోయాడు. వాగు అంచుకొచ్చి అరిచాడు. "అప్పన్నా! ఓ అప్పన్నా! నన్ను వీపు మీద ఎక్కించుకుని దాటించు నాయనా!"

కోనంతా ఇవతలి ఒడ్డున చేరింది. అప్పన్న నీళ్ళలోకి ఒక అడుగు వేశాడు. పక్కన చిట్టిముల్లు తోక గలగలమంది. దున్నపోతు ఆ తోక వైపు చూశాడు, బంగారక్క విరిగిన పన్ను వైపు చూశాడు. అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వెవరో నాకు సరిగ్గా గుర్తులేదయ్యా."

"ఒరే అప్పన్నా! పంతులూ, నువ్వన్నా చెప్పవయ్యా!"

బంగారక్క కొంగ వైపు తిరిగింది. ఒక్క ముల్లు, ఒకే ఒక్కటి, నిక్కి నిలబడింది. "చట్టం చెప్పండి పంతులుగారూ. జపం తరవాత చేసుకుందురుగాని."

జపాలయ్య ఆ ముల్లు వైపు చూస్తూ అప్పజెప్పాడు. "వాగు అవతల కాపురమున్నవాళ్ళు పరాయివాళ్ళు..."

"నేను దాటలేదు!" గవరయ్య గొంతు చించుకున్నాడు. "నేను నా ఇంట్లో పడుకున్నాను! దాటింది వాగు!"

"ఎందుకు దాటావు, ఎవరు దాటించారు అని చట్టం అడగదు దొరా," అంది బంగారక్క. "కాపురం అవతలుందా, లేదా? అంతే."

"నేను పుట్టింది కోనలోనే!"

"నా బిడ్డా కోనలోనే పుట్టింది. వినండి, మోగుతోంది."

"రేపు పొద్దున్నకి పంపించెయ్యమన్నది ఏదో కోపంలో అన్నానే తల్లీ!"

"నేను మటుకు ఏ కోపంలోనూ లేననుకుంటున్నారా? ఇటు రండి. పల్లంలో ఉండండి. సగం దుంప నాకివ్వండి. ఏటా ఒంటి వెంట్రుకలు గుప్పెడు పీకి పాతండి. ఏడు వానాకాలాలు. నడమ నాకు కోపమొస్తే ఏదో ఒక పని మీద అవతలికి పంపి, మళ్ళీ మొదటికి తెస్తాను. నాకు మీరే నేర్పారు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నక్క ఇసుకలో సాగిలపడ్డాడు. "అక్కా! బంగారక్కా! ఇదేం చట్టమక్కా? నీతి లేని చట్టం! ఏ దౌర్భాగ్యుడు పెట్టాడు దీన్ని?"

"గట్టిగా అనండి. వెనకున్నవాళ్ళకు వినపడటం లేదు."

"ఈ చట్టం తప్పు! ఇక్కడ బతికేవాళ్ళంతా ఇక్కడివాళ్ళే!"

"ఎప్పటి నుంచి?"

"వచ్చిన రోజు నుంచే!"

"బిడ్డలో?"

"పుట్టిన క్షణం నుంచే!"

"సగం దుంప?"

"లేదు! పల్లం లేదు, గుర్తు లేదు, ఏమీ లేదు! పాడు చట్టం వాగులో పోయింది! నన్ను రానివ్వండి!"

బంగారక్క తల తిప్పింది. "పంతులుగారూ, ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి కదా? విన్నారా?"

"విన్నాను తల్లీ, విన్నాను," అని కొంగ రెండు కాళ్ళ మీద నిలబడి కోనంతటికీ అప్పజెప్పాడు. ఆయన రెండు కాళ్ళ మీద నిలబడటం అందరూ అప్పుడే చూశారు.

"రండి దొరా, ఈదుకుని," అంది బంగారక్క. "మీ చట్టమే మిమ్మల్ని కూడా రమ్మంటోంది."

గవరయ్య ఈదుకొచ్చాడు. తడిసిన నక్క ఎంత చిన్నగా ఉంటుందో! ఒడ్డెక్కి, వణుకుతూ, సిగ్గన్నది లేకుండా అడిగాడు. "అక్కా, నాకొక బొరియ..."

"తవ్వడం రాదా?"

"రాదు."

"నేర్చుకోండి. ఏడు వానాకాలాలేం పట్టదులెండి."

అప్పన్న తల వంచుకుని దగ్గరకొచ్చాడు. "చెల్లీ, ఇక నువ్వు మనదానివే. గుర్తుగా ఒక్క ముల్లు గట్టున్న చోట పాతరాదూ? చూసుకుని సంతోషిస్తాం."

బంగారక్కకు అప్పుడొచ్చింది అసలు కోపం. "నక్క అబద్ధమాడాడంటే వాడి పుట్టుకే అంత. నువ్వెందుకు నోరు మూసుకున్నావు అప్పన్నా? నీ వీపు మీద నా తడికాళ్ళు ఆరకముందే ఎట్లా మరిచిపోయావు? నీ ఒక్క మాటతో నా బిడ్డ ఇన్ని నెలలు తోకలో మట్టి పెట్టుకుని ఏడవకుండా ఉండేది. ముల్లు పాతాలా? నా ముల్లు ఇక నా ఒంటి మీదే ఉంటుంది. పీకమన్నవాడికి గుచ్చి చూపిస్తాను."

అప్పన్న నెమరు వేయలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నిలబడనీ, తప్పేం లేదు.

బంగారక్క బిడ్డను తీసుకుని వాగులో దిగింది. అవతల నీలమ్మ పిల్లలతో నిలబడే ఉంది. దాటింది. ముక్కూ ముక్కూ ఆనించి ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు, తిట్టుకున్నారు, నవ్వారు. పొద్దువాలాక మళ్ళీ దాటి ఇంటికొచ్చింది. ఎవరూ లెక్క అడగలేదు.

కోన మెరక మీదికి మకాం మార్చుకున్న బంగారక్క తన పాత పల్లం బొరియ వదిలేసింది. తవ్వడం చేతకాని గవరయ్య అందులోనే దూరాడు. నేల చెమ్మ, గోడలు చెమ్మ, పడుకుంటే వీపు చెమ్మ. ఆకలికీ చలికీ మూలుగుతూ తల బయటపెట్టి పడుకున్నాడు. పైన తాటిచెట్టు, పళ్ళు రాలే కాలం. మిగతాది మీకు తెలిసిందే.

నీతి: పక్కవాణ్ణి పరాయిని చేయడానికి గీసిన గీత, ఏదో ఒక వరదకు గీసినవాడి గుమ్మం ముందుకే వస్తుంది.